జలపాతమునకొక నడక, గ్రామమునకొక పాఠము

ఆకివీడు పరిసర గ్రామములలో నివసించు మనకు నీటితో పరిచయము తక్కువ కాదు. పొలము గట్టున బోదె, ఊరి ప్రక్కను పంటకాలువ, ఊరి చివర మురుగుకోడు, ఆవల కొల్లేరు, కొల్లేటి నీటిని సముద్రమునకు చేర్చు ఉప్పుటేరు. నీరు నిలుచుట చూచితిమి, పారుట చూచితిమి, వరదగా పొంగి ఇంటి అరుగెక్కుటయు చూచితిమి. నీరు దూకుట మాత్రము మన ఊళ్ళలో కానరాదు. దూకవలెనన్న ఎత్తు ఉండవలెను గదా! మన నేల పళ్ళెము వలె చదునైనది.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక కార్తీకమాసమున ఈ ప్రాంతపు పంచాయతీ సభ్యులు కొందరు వనభోజనములకై రంపచోడవరము వైపు వెళ్ళుచు మమ్ము కూడ రమ్మనిరి. బయలుదేరుటకు ముందు వారిలో పెద్దవాడైన సభ్యుడొకడు, "ఉసిరి చెట్టు మన తోటలోనూ ఉన్నది. అంత దూరము పోయి అన్నము తిని వచ్చుటలో పంచాయతీకి పనికి వచ్చునది ఏమున్నదండీ?" అని అడిగెను. ఆ ప్రశ్నకు అప్పుడెవ్వరును సమాధానము చెప్పలేదు. తిరిగి వచ్చునప్పటికి సమాధానము దొరకినది. ఆ సమాధానమే ఈ వ్యాసము.

ప్రయాణము

ఆకివీడు గుడివాడ - భీమవరము రైలుమార్గము మీద ఉన్నది. రైలులో భీమవరము, తణుకు, నిడదవోలు మీదుగా గోదావరి దాటి రాజమహేంద్రవరము చేరవచ్చును. అచ్చటినుండి బస్సు గోకవరము మీదుగా రంపచోడవరము వెళ్ళును. గోకవరము దాటిన తరువాత నేల స్వభావము మారును. వరిచేలు వెనుకబడి జీడిమామిడి తోటలు, ఎఱ్ఱని నేల, గుట్టలు కనబడును. ఆ పైన తూర్పు కనుమల అడవి మొదలగును.

రంపచోడవరమునకు కొద్ది కిలోమీటర్ల దూరమున రంప అను గ్రామము కలదు. అచ్చట పురాతనమైన నీలకంఠేశ్వరాలయము, ఆ చెంతనే అడవిలో రంప జలపాతము ఉన్నవి. ఇది కొండలెక్కు సాహసయాత్ర కాదు. వాగు ప్రక్కగా చెట్ల నీడలో సాగు చిన్ననడక. పిల్లలును, ఆరోగ్యముగా ఉన్న పెద్దలును నెమ్మదిగా నడిచి పోవచ్చును. రాళ్ళ మీద జారని పాదరక్షలు, త్రాగుటకు నీరు, ఒక చేతికఱ్ఱ ఉన్న చాలును. ఉదయము వెళ్ళి, పొద్దు వాలకముందే అడవి వెలుపలికి వచ్చుట మంచిది.

మొదటి పాఠము: ఈ నీరు ఎక్కడిది?

మేము వెళ్ళునప్పటికి అచ్చట వానపడి వారము దినములైనదని గ్రామస్థులు చెప్పిరి. ఆకాశము నిర్మలముగా ఉన్నది. అయినను వాగు పారుచునే ఉన్నది. రాళ్ళ మీదినుండి నీరు మెట్లు మెట్లుగా దూకుచు, క్రింది మడుగులో గులకరాళ్ళు లెక్క పెట్టుటకు వీలైనంత తేటగా నిలిచినది. "వాన లేనిదే ఈ నీరు ఎక్కడినుండి వచ్చుచున్నది?" అని మన సభ్యులే ఒకరినొకరు ప్రశ్నించుకొనిరి.

సమాధానము కాలి క్రిందనే ఉన్నది. బాట ప్రక్కను చేతికఱ్ఱతో నేలను కొంచెము కదిపి చూచితిమి. పైన ఈ ఏటి ఎండుటాకు. దాని క్రింద నిరుటి ఆకు, సగము చివికినది. ఆ క్రింద నల్లని ఆకుమన్ను. పిడికిట పట్టి చూడగా చెమ్మ తగిలినది. మద్ది, వేగిస, తునికి, వెదురు, వాటిని అల్లుకొన్న అడ్డతీగ, ఏనుగు తొండముల వలె గెలలు వ్రేలాడు జీలుగు చెట్టు, ఇవన్నియు ఏటేట రాల్చిన ఆకులతో పేర్చిన పరుపు అది.

కొంచెము లెక్క వేసి చూతము. ఒక ఎకరము నేల మీద ఒక అంగుళము వాన కురిసిన, ఆ నీరు లక్ష లీటర్లకు పైగా ఉండును. అదే వాన బోడి గుట్ట మీద కురిసినచో, చినుకు నేరుగా మన్నును కొట్టి, దానిని కలుపుకొని, కొద్ది గంటలలో పల్లమునకు పరుగెత్తును. వాన నాడు వరద, మరునాడు ఎండిన వాగు మిగులును. అడవిలో అట్లు కాదు. చినుకు మొదట ఆకు మీద పడి వేగము కోల్పోవును. ఆకుపరుపు దానిని పీల్చును. వేళ్ళు, పురుగులు చేసిన సందులగుండ అది నేలలోనికి దిగును. లోపల మెల్లమెల్లగా ప్రాకి, రాళ్ళ నెఱ్ఱెలనుండి ఊటగా బయటికి వచ్చి వాగులో చేరును. కనుకనే వాన వెలిసిన తరువాత కూడ జలపాతము దూకుచుండును. అడవి నీటిని పుట్టించదు. వచ్చిన నీటిని దాచి, నెమ్మదిగా పంచి పెట్టును. మన ఊరి మంచినీటి చెరువు వేసవికి చేయు పనినే ఈ కొండ అడవి చేయుచున్నది.

ఈ దాపరికము కొండ మీది గూడెములకే కాక మనకును సంబంధించినది. మన చెరువులు నింపు కాలువ నీరు విజ్జేశ్వరము వద్ద గోదావరినుండి పశ్చిమ డెల్టాకు వచ్చునది. గోదావరికి ఎడమ ప్రక్కను కలియు ఉపనదులలో శబరి ముఖ్యమైనది. శబరిలో కలియు సీలేరు తూర్పు కనుమలలో పుట్టినది. ఆ సీలేరునకు ఎగువ భాగమున మాచ్‌ఖండ్ అను పేరు. ఆ నది దుడుమ వద్ద గొప్ప జలపాతముగా దూకుచుండగా, ఆ పల్లమును ఆధారము చేసికొని నిర్మించిన విద్యుత్కేంద్రము 1955లో పని ప్రారంభించినది. సీలేరు విద్యుత్కేంద్రములలో యంత్రములు త్రిప్పి వదలిన నీరే, రబీ కాలమున గోదావరిలో సహజప్రవాహము తగ్గినప్పుడు, మన దాళ్వా వరికి ఆదరువగుచున్నది. మాఘమాసమున మన చేలో నిలిచిన నీటిలో కొంత ఎక్కడో అడవిలో దూకి వచ్చినదే.

రెండవ పాఠము: నీటికి భయపడుట తెలియవలెను

మన ప్రాంతపు యువకులకు ఈత వచ్చును. కాలువలో పెరిగినవారమను ధీమా వారికి మెండు. ఆ ధీమాయే జలపాతము వద్ద శత్రువగును. కాలువలో నీరు ఎచ్చట చూచినను ఒకటే తీరు. అడుగు మెత్తని మట్టి. జలపాతము క్రింద అడుగున రాళ్ళు, రాళ్ళ నడుమ సొరంగముల వంటి సందులు, పైకి కనబడని సుడులు ఉండును. నాచు పట్టిన రాయి సబ్బు వలె జారును. ఈత ఎంత వచ్చినను రాతికి తల తగిలినవానికి అది ఉపయోగపడదు.

మా బృందములోని పడుచువారు మడుగులో దిగి ఆడుచుండగా, మాకు దారి చూపిన కొండరెడ్డి యువకుడు ఒడ్డున కూర్చుండి నీటివైపే చూచుచుండెను. ఉన్నట్టుండి లేచి, "బాబూ, నీళ్ళ రంగు మారింది. పైకొచ్చేయండి, బేగి రండి!" అని కేక వేసెను. మాకేమియు కనబడలేదు. మా తలల పైన ఎండ కాయుచునే ఉన్నది. ఒకరిద్దరు, "ఇంకొక మునక వేసి వచ్చెదము" అనిరి. ప్రెసిడెంటు గారు కోపించి అందరిని ఒడ్డెక్కించిరి. అందరును ఎత్తైన రాతి మీదికి చేరిన కొంతసేపటికే తేట నీరు టీ రంగునకు తిరిగినది, పుల్లలు, ఆకులు గుంపులుగా వచ్చినవి, చప్పుడు గంభీరమైనది. మేము బట్టలు ఆరవేసిన బండ నీటిలో మునిగిపోయినది. పై కొండ మీద ఎచ్చటనో వాన కురిసినదట. ఆ వాన మాకు కనబడలేదు. దాని నీరు మాత్రము మా వద్దకు వచ్చినది.

ఆ పూట మాలో ఎవ్వరికిని అన్నము సరిగా సహింపలేదు. ఒక్క మునక కొఱకు ఎవరి ఇంటిలో దీపము ఆరిపోయెడిదో అని ప్రతివాడును మనసులో తలచుకొనెను. కావున వనభోజనములకు బస్సులు మాట్లాడుకొను ప్రతి గ్రామమువారును ఈ నియమములను ముందుగా చదివి వినిపింపవలెను.

తెలిసిన స్థానికుని తోడు లేక మడుగులో దిగరాదు. అతడు వద్దన్న చోట వాదింపరాదు. నీరు తేట తప్పినను, ఆకులు పుల్లలు ఎక్కువగా వచ్చినను, చప్పుడు మారినను తక్షణమే ఒడ్డెక్కి ఎత్తునకు పోవలెను; సామాను కొఱకు వెనుకకు తిరుగరాదు. జలపాతము నెత్తి మీదికెక్కి ఛాయాచిత్రములు తీసికొనరాదు. మద్యము సేవించినవారిని నీటి దరికి పోనీయరాదు. పిల్లలను లెక్క పెట్టి అడవిలోనికి తీసికొని పోయి, లెక్క పెట్టి వెలుపలికి తేవలెను. తుపాను హెచ్చరిక ఉన్న దినములలో ప్రయాణము మానుకొనవలెను. కార్తీకమాసము మన తీరమున తుపానుల కాలము కూడ అని మరువరాదు.

మూడవ పాఠము: మనము అతిథులము

అడవి ఎవరిదియు కాదని మైదానమువారు తలంచుట కలదు. రంప నేల మీద నిలిచి ఆ మాట అనుట తగదు. 1879లో ఈ ప్రాంతపు ప్రజలు తిరుగబడిరి. మన్సబుదారు వసూళ్ళును, పోలీసుల బాధలును, ఇంటి చెట్టునుండి తీసికొను కల్లు మీద పడిన పన్నును దానికి ముఖ్యకారణములు. బాటలో మేము చూచిన జీలుగు చెట్టు వారికి అంతటి ప్రాణసమానము. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము తరువాత పోడు సేద్యమునకు, అడవిలో తిరుగుటకు నిర్బంధములు పెరిగినవి. ఆ బాధలకు తోడు చాలీచాలని కూలికి బాటల పనులు చేయించిన దుఃఖము కలిసి 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున మరల పోరాటమైనది. ఆ సంవత్సరము ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాతో మొదలైన దాడులు అక్టోబరులో రంపచోడవరము వఱకు వచ్చినవి. 1924 మే 7న సీతారామరాజు కాల్చి చంపబడెను.

స్వతంత్ర భారతమున ఆ ప్రజల హక్కులు చట్టములోనికి వచ్చినవి. షెడ్యూలు ప్రాంతముల పంచాయతీలకు సంబంధించిన 1996 నాటి కేంద్ర చట్టము, అనగా 'పెసా', అచ్చటి గ్రామసభకు విశేషాధికారములిచ్చినది. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యము వాటిలో నొకటి. 2006 నాటి అటవీ హక్కుల చట్టము సాగుచేసికొను భూమి మీదను, సామూహిక వనరుల మీదను హక్కులను గుర్తించినది. మన గ్రామసభకు మన చెరువు ఎట్టిదో వారి గ్రామసభకు వారి అడవి అట్టిది. బయటివారు బస్సు దిగి మన మంచినీటి చెరువులో అంట్లు తోమినచో మనము ఊరకుందుమా?

ఆ గూడెములవారు అడవినుండి చింతపండు, తేనె, కొండచీపుర్లు, అడ్డాకులు సేకరించి సంతలో అమ్మెదరు. వీటిని న్యాయమైన ధరకు కొనుటకై 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. మారేడుమిల్లి వంటి చోట్ల వన సంరక్షణ సమితుల ద్వారా స్థానికులే యాత్రికులకు బస, భోజనము, దారి చూపుట వంటి పనులు చేసి జీవనము గడుపుకొనుచున్నారు. మనము వెళ్ళినప్పుడు మనవలన వారికి మేలే జరుగవలెను. భోజనమునకు ప్లాస్టిక్ పళ్ళెములు మోసికొని పోవుటకంటె, అచ్చటి సంతలో అడ్డాకుల విస్తళ్ళు కొనుట తెలివి. ఆ విస్తరి కొన్నాళ్ళకు మన్నులో కలియును. మన పైకము అది కుట్టిన తల్లి చేతికి చేరును. తీసికొని పోయిన సీసాలు, సంచులు మరల బస్సులోనికి రావలెను. పొయ్యి వెలిగింపవలసి వచ్చిన, అనుమతించిన చోటనే వెలిగించి, నీరు చల్లి, బూడిద చల్లారినదని చేతితో చూచి మరి కదలవలెను.

నాల్గవ పాఠము: తిరిగి మన ఊరికి

తిరుగు ప్రయాణమున ఉప్పుటేరు వంతెన మీదికి వచ్చునప్పటికి ప్రొద్దు క్రుంకినది. గుర్రపుడెక్క నీటిని కప్పి, దాని నడుమ సీసాలు, సంచులు చిక్కుకొని ఉన్నవి. నిన్నటి వఱకు అది మాకు అలవాటైన దృశ్యమే. తేటనీటి మడుగు చూచి వచ్చిన కంటికి మాత్రము అది క్రొత్తగా కనబడినది.

కొల్లేరు ఎగువ నేలలన్నిటికి పల్లము. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు మొదలైన ఏర్లు అందులో పడుచున్నవి. ఆ ఏర్ల తలాపున గుట్టలు బోడులైనచో, వాన నాడు నీరు, మన్ను ఒక్కుమ్మడిగా దిగివచ్చును. నీరు వరదయగును, మన్ను సరస్సు అడుగున మేట వేయును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన సంగతి అందరికి తెలిసినదే. ఆ ఏటికి చివరి మజిలీ కొల్లేరే. కొల్లేటినుండి నీరు సముద్రమునకు పోవు దారి ఉప్పుటేరు ఒక్కటే. ఆ దారి పూడినను, ఇరుకైనను వరద మన చేల మీద నిలుచును. వేసవిలో పైనుండి నీరు తగ్గినచో, పోటు వెంట ఉప్పునీరు అదే దారిని పైకి వచ్చును.

ప్రభుత్వము 1999లో కొల్లేటిని అయిదవ కాంటూరు వఱకు, అనగా సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర, వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించినది. 2002లో రామ్‌సర్ ఒడంబడిక క్రింద దానికి అంతర్జాతీయ ప్రాముఖ్యము లభించినది. 2006లో సరస్సులోని చేపల చెరువుల గట్లను పెద్ద యెత్తున తెగగొట్టిరి. ఆ చెరువులే జీవనాధారమైన కుటుంబముల బాధయు, సరస్సు ఇరుకైన దిగువవారి బాధయు రెండును నిజమే. ఆ తగవు పెద్ద సభలలో తీరవలసినది. కాని పంచాయతీ సభ్యుని చేతిలో ఉన్న పనులు కూడ తక్కువ కావు.

రాజ్యాంగపు 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. దానితో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములు కలవు. త్రాగునీరు, చిన్నతరహా నీటిపారుదల, మత్స్యపరిశ్రమ, సామాజిక వనములు, పారిశుద్ధ్యము అందులోనివే. వీటిని వేర్వేరు పద్దులుగా చూచుట మన అలవాటు. జలపాతపు బాట మీద ఇవన్నియు ఒకే పద్దు అని తెలియవచ్చినది.

కావున ఈ పనులను రానున్న గ్రామసభ ముందు ఉంచుడు. మంచినీటి చెరువు గట్టు మీద ఒండ్రు జారకుండ గడ్డిని పెంచి, వెలుపలి వాలున వేళ్ళు పట్టుకొను చెట్లు నాటుడు. గట్టు లోపలి వైపున పశువులు దిగకుండ కంచె వేయుడు. మురుగుకోళ్ళలో చెత్త పోయుట మాన్పించి, దానికి వేరొక చోటు చూపుడు. చోటు చూపక నిషేధించుట వలన ఫలితముండదు. వర్షములకు ముందే గుర్రపుడెక్క, పూడిక తీయించుటకై మురుగు శాఖవారికి వ్రాసి, ఆ పని జరుగువఱకు వెంబడింపుడు. చేపల చెరువుల నీరు త్రాగునీటి కాలువలో వదలకుండ రైతులతో కూర్చుండి మాటాడుడు. సంవత్సరమున కొకసారి బడిపిల్లలను అడవికి తీసికొని పోవుడు. ఆకుపరుపును వారి చేతులతోనే త్రవ్వి చూడనిండు.

ఆ వంతెన మీద, బయలుదేరునాడు ప్రశ్న వేసిన పెద్దసభ్యుడే మొదట మాటాడెను. "పైవాళ్ళు అడవిని కాచుకొనబట్టి మనకు నీళ్ళు వచ్చుచున్నవి. మనము పల్లమువారమని ఇన్నాళ్ళు అనుకొంటిని. మన క్రింద కూడ ఉప్పుటేటి గట్టున ఊళ్ళున్నవి గదండీ! వాళ్ళకు మనమే పైవాళ్ళము" అనెను.

నీటి దారిలో ప్రతి ఊరును ఒక ఊరికి దిగువ, మరొక ఊరికి ఎగువ. ఎగువవారినుండి మనము కోరునది ఏదో, దిగువవారికి మనము చేయవలసినది అదియే. వచ్చే కార్తీకమున వనభోజనములకు బస్సు మాట్లాడుకొనునప్పుడు ఈ మాటను గూడ వెంట తీసికొని వెళ్ళుడు. తిరిగి వచ్చిన తరువాత మొదటి గ్రామసభలో దానిని చర్చకు పెట్టుడు.